ఆగడం తెలిసిన కండ

బురదలో వేళ్లు. వేళ్ల కింద కదిలే రొయ్య మీసం.

పులికాట్ నీళ్లలో ఆడవాళ్లు నడుముదాకా దిగి, తాటాకు బుట్ట పళ్లతో కరిచిపట్టి, చేతులతో తడుముతూ రొయ్యలు పడతారు. కళ్లతో పనిలేదు. అంతా చేతికే తెలియాలి... ఇది రాయి, ఇది నాచు, ఇదిగో రొయ్య.

పేరమ్మ చేతికి తెలిసినంత ఇంకెవరి చేతికీ తెలియదు. ఆ మాట ఆవిడే చెప్పేది, ఎవరూ అడగకపోయినా.

శ్రీహరికోట అంటే సరుగుడు తోటలే అనుకునే రోజులవి. ఆ ఎండాకాలం ఒక ఆల్చిప్ప పేరమ్మ కుడి అరచేతిని చీల్చింది. అసలే మొగుడు మునెయ్య పోయి ఏడాది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

చెయ్యి మానాలి. మానకపోతే నీళ్లలోకి దిగలేదు. దిగకపోతే పొయ్యిలో పిల్లి లేవదు.

పడవలో వచ్చే నర్సు నవోమి పుండు కడిగి, మందు వేసి, కట్టు కట్టింది. మళ్లీ వచ్చి విప్పి చూసింది.

పుండు అలాగే ఉంది.

ఇంకోసారి వచ్చింది. అలాగే — కాస్త పెద్దదై. అంచుల్లో తెల్లగా సున్నం.

నవోమికి ఒళ్లు మండింది.

"ఏందక్కా ఇది? సున్నం పెట్టినావా?"

పేరమ్మ దాచలేదు. ఎర్రగా కొత్త కండ లేచినప్పుడల్లా చిప్పముక్కతో గీకేసి, సున్నం అద్దుతోంది.

"ఆయన మెడలో గూడా ఇట్నే లేచింది నర్సమ్మా. చింతగింజంత. పెరిగి పెరిగి గొంతు మూసేసింది. మద్రాసు పెద్దాసుపత్రోళ్లు గూడా ఆపలేకపోయినారు. ఇదీ పెరిగితే నేనేం జేసేది?"

నవోమి కోపం అక్కడే దిగిపోయింది.

పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ఒళ్లంతా కంటికి కనపడని కణాలు. ఒక్కో కణం తింటుంది, బలుస్తుంది, రెండవుతుంది. ఆ రెండూ తిని నాలుగవుతాయి. ఊరికే కాదు... అరిగినచోట, తెగినచోట, ఖాళీ పడినచోట. ఈ అంచు నుంచి కొన్ని, ఆ అంచు నుంచి కొన్ని బయలుదేరతాయి. మధ్యలో ఒకదానికొకటి తగులుతాయి.

తగిలితే ఆగిపోతాయి.

"వాటంతట అవే ఆగతాయా?"

"ఆగతాయి. నువ్వు గీకకుంటే."

పేరమ్మ పూర్తిగా నమ్మలేదు. అయినా చిప్పముక్క నీళ్లలోకి విసిరేసింది.

ఎర్ర కండ లేచింది. భయమేసింది. గీకలేదు.

అంచులు జరిగాయి. రోజూ కాస్త... ఇంకాస్త. పొద్దున లేస్తూనే చెయ్యి చూసుకునేది. ఒకరోజు మధ్యలో కలిశాయి — పలచని, లేత తోలు. మర్నాడు చూసింది. ఆ మర్నాడూ చూసింది. 

పెరగలేదు.

నవోమి వచ్చి కట్టు విప్పి నవ్వింది. "చూసినావా అక్కా? ఆగింది."

పేరమ్మ నవ్వలేదు. లేత తోలును బొటనవేలితో నిమురుతూ ఉండిపోయింది.

"ఆయన మెడలోవి గూడా ఒకదాన్నొకటి తాకుతానే ఉండినాయి గదా నర్సమ్మా. అవెందుకు ఆగలేదు?"

నవోమి విప్పిన కట్టుగుడ్డను చుట్టి పక్కన పెట్టింది.

"తెలీదక్కా. పెద్ద డాక్టర్లకు గూడా ఇంకా తెలీదు."

ఏడాదిగా అందరూ పేరమ్మకు కారణాలు చెప్పారు. దిష్టి అన్నారు. కర్మ అన్నారు. పెళ్లాం వండిపెట్టిన తిండి అన్నారు. తెలియదన్నది ఈ అమ్మాయి ఒక్కతే.

పేరమ్మ ఏడ్చింది. మునెయ్య పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

ఎడమచేత్తోనే కళ్లు తుడుచుకుంది — కుడిచెయ్యి కన్నీటి ఉప్పు తగలకుండా పైకెత్తి పట్టుకుని.