చప్పుడు చేయని సొరుగు

నేను ఒక చెత్త సొరుగుని. నవ్వకండి. ఇత్తడి బిందెకీ, పడక్కుర్చీకీ చెప్పుకోవడానికి ఘనమైన కథలుంటాయి. చెత్త పోసుకునే దానికి కథేమిటి అనుకుంటారు. కానీ ఆ ఇంట్లో ఎవరేం తిన్నారో, ఏం తినలేక వదిలేశారో, నాకు తెలిసినంతగా పూజగదిలోని దేవుడికైనా తెలుసో లేదో. ఆయనకి వండినది చూపిస్తారు. నాకు మిగిలినది చూపిస్తారు.

ఉక్కు కడ్డీల చట్రం నా ఒళ్ళు. అందులో రెండు డబ్బాలు కూర్చుంటాయి. తడి చెత్తకి ఆకుపచ్చది, పొడి చెత్తకి నీలంది. కింద రెండు పట్టాలు, వాటి చివర నూనె నింపిన సన్నటి గొట్టాలు. ఎంత విసురుగా తోసినా సరే, నాలుగు వేళ్ళ ఎడం ఉందనగా నెమ్మదించి, నిద్రపోతున్న పసిపిల్ల గది తలుపు దగ్గరికి వేసినట్టుగా మూసుకుంటాను. చప్పుడు ఉండదు. నన్ను చేసినవాళ్ళు దాన్నే నా గొప్పగా చెప్పుకున్నారు.

కాకినాడలో వంటింటి సామాను అమ్మే ఒక దుకాణంలో ఏడు నెలలు నిలబడ్డాను. వచ్చినవాళ్ళంతా నన్ను లాగేవారు, తోసేవారు, వింతగా చూసి పక్కకి పోయేవారు. నాలో ఏం వేస్తారో ఎవరూ ఆలోచించేవారు కాదు. ఒక్క హైమ ఆలోచించింది.

హైమ తన భర్త ఫణీంద్రతో వచ్చింది. మూడో అంతస్తులో కొత్తగా తీసుకున్న ఇంటికి వంటిల్లు కట్టిస్తున్నారు. దుకాణం అతను తలుపుకి తగిలించే గుండ్రటి డబ్బా చూపించాడు. తర్వాత రాతి గట్టుకే గుండ్రంగా చిల్లు కోసి మూత పెట్టే రకం చూపించాడు.

"ఆయ్, ఇదైతే గట్టు మీద ముక్కలు తరుక్కుని తొక్కులు ఇలా లోపలికి తోసేసుకోవచ్చండి."

"వంట గట్టుకే చెత్త చిల్లా! మా అత్తయ్యగారు చూస్తే ఆ గట్టు మీద మళ్ళీ అన్నం వార్చరు" అంది హైమ.

తర్వాత నా ముందుకొచ్చింది. రెండు డబ్బాలూ పైకి ఎత్తి చూసింది. విడిగా తీసి కడుక్కోవచ్చా అని అడిగింది. మూత బిగుతుగా పడుతుందా, పట్టాలకి తుప్పు పడుతుందా అని అడిగింది. చివరికి, "చప్పుడొస్తుందా?" అంది.

"తీసినా వినపడదండి, మూసినా వినపడదండి. చెత్త ఉందన్న సంగతి చెత్తకే తెలీదండి బాబూ."

ఫణీంద్రకి నవ్వొచ్చింది. "చెత్తబుట్టకి ఇన్ని ప్రశ్నలేంటి హైమా? పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇన్ని అడగలేదు నువ్వు."

"అడగాల్సింది" అంది హైమ.

అలా నేను ఆ ఇంటికి వచ్చాను. బిగించే రోజున హైమ స్టవ్ దగ్గర నుంచి జానలు వేసుకుంటూ వచ్చింది. ఈశాన్యం కాకుండా, పొయ్యికి ఎంత దూరం వీలైతే అంత దూరంగా, పెరటి బాల్కనీ గుమ్మం పక్కన నాకు చోటు చూపించింది. నాకన్నా జాగ్రత్తగా ఆ ఇంట్లో చోటు చూసినది ఒక్క దేవుడి మందిరానికే.

అంత జాగ్రత్తా ఎందుకంటే, ఫణీంద్ర తల్లి సోమిదేవమ్మగారి కోసం. ఆవిడ మడి కట్టుకుని నైవేద్యం వండందే పచ్చి మంచినీళ్ళు ముట్టరు. గృహప్రవేశమైన మర్నాడు ఆవిడ ఏదో వెతుకుతూ నన్ను లాగారు.

"ఇదేవిటే?"

"చెత్తకండీ అత్తయ్యగారూ. తడీ పొడీ విడిగా ఇమ్మంటున్నారు కదండీ బండివాళ్ళు. గుమ్మం బయట పెడితే పిల్లులు లాగేస్తున్నాయి."

"ఎంగిలి కూడా ఇందులోనేనా?"

హైమ అబద్ధమాడలేదు. "అవునండీ" అంది.

"నైవేద్యం వండే చోట ఎంగిలి పెట్టుకుని తలుపేసేస్తే సరిపోయిందా? తలుపు మనకి అడ్డు గానీ, పైవాడికి అడ్డా?"

ఆవిడ కేకలెయ్యలేదు. ఆవిడ లెక్క ఆవిడకుంది. కూరగాయ తొక్క చెత్తే గానీ మైల కాదు. కంచంలో మిగిలిన మెతుకు మైల. బండివాళ్ళ లెక్కలో రెండూ తడి చెత్తే. ఇద్దరిలో ఎవరిది తప్పని నన్నడిగితే ఏం చెప్పగలను? ఆ సాయంత్రమే సోమిదేవమ్మగారు ఒంటి పొయ్యి స్టవ్వూ, తన అత్తగారి నాటి ఇత్తడి గంగాళమూ బాల్కనీలోకి చేర్పించుకున్నారు. గంగాళం నిండా మడినీళ్ళు. ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రెండు వంటలు. మధ్యన నేను.

రెండేళ్ళు అలా నడిచింది. గాలికి స్టవ్ ఆరిపోతే ఆవిడ చీర చెంగు అడ్డం పెట్టేవారు. వానొస్తే ఒక చేత్తో గొడుగూ, ఒక చేత్తో గరిటా. మనవరాలు ప్రణతి నవ్వితే, "నవ్వవే నవ్వు, దేవుడికీ నాకూ కలిపి పట్టుకున్నాను గొడుగు" అనేవారు. హైమ మాత్రం నవ్వేది కాదు. గొడుగు కింద వంగిన ఆ వీపుని గుమ్మంలో నిలబడి చూసేది. చూసి, నా వైపు తిరిగేది.

సోమిదేవమ్మగారికి తెలియని సంగతి ఇప్పుడు చెబుతాను. కొత్తింటికొచ్చిన నెల తిరక్కుండానే హైమ నాలో ఎంగిలి వెయ్యడం మానేసింది. కంచాల్లో మిగిలినది మూతున్న స్టీలు డబ్బాలో వేసి, వీధి గుమ్మం బయట పెట్టి, బండి రాగానే తనే కిందికి పట్టుకెళ్ళేది. నా తలుపు లోపలి వైపు కాగితం మీద రాసి అంటించింది: ఆకుపచ్చ డబ్బాలో తొక్కులు, ఆకులు మాత్రమే. ఎంగిలి వద్దు. రోజూ పొద్దున్న సోమిదేవమ్మగారు కళ్ళు మూసుకుని సహస్రనామం చదువుకునే వేళ చూసి, నన్ను మెల్లగా లాగి, రెండు డబ్బాలూ తీసి, కడిగి, ఆఖరున పసుపు నీళ్ళతో తొలిపి, తుడిచి, అప్పుడు స్నానానికి వెళ్ళేది. నాలుగు గోడల అవతల ఉన్న ఆవిడకి ఒక్క చప్పుడు కూడా వినపడేది కాదు.

ఒకరోజు ప్రణతి అడగనే అడిగింది. "అమ్మా, నువ్విలా కడుగుతున్నావని నానమ్మకి చెప్పచ్చుగా?"

"చెప్పి పిలిస్తే మొహమాటానికి వస్తారే. చూసి రావాలి" అంది హైమ.

ఆవిడ చూసేదెలా? నన్ను ఆవిడ ముట్టుకోరు. చెప్పడానికి హైమకి అభిమానం అడ్డొచ్చింది, తెరవడానికి ఆవిడకి ఆచారం అడ్డొచ్చింది. నాకు నోరు లేదు. కనీసం ఒక్క కిర్రు శబ్దమైనా లేదు.

గంగాళం సంగతి కూడా చెప్పాలి. సోమిదేవమ్మగారు రోజూ అందులోంచి నాలుగు చెంబులు తీసుకుని మళ్ళీ నాలుగు చెంబులు పోసేవారు. మోకాళ్ళ నొప్పుల వల్ల దాన్ని వంచి తోమే ఓపిక లేదు. అడుగు ఎన్నడూ ఖాళీ అయ్యేది కాదు. మూతగా పెట్టిన పళ్ళెం కూడా సరిగ్గా అమరేది కాదు.

"అత్తయ్యగారూ, ఒకసారి వంచి తోమి పెడతానండి. అడుగున పాకుడు పట్టిందండి" అంది హైమ ఒక ఆదివారం.

"మడినీళ్ళవి. ముట్టుకోకు. నేను తోముకుంటాలే."

హైమ చెయ్యి వెనక్కి తీసుకుంది.

రెండో ఏడు వానల్లో ఒక మధ్యాహ్నం హైమ బీరకాయ తొక్కులు తెచ్చి నాలో వేసింది. రెండేళ్ళలో బీరతొక్కు నా దాకా ఎప్పుడూ రాలేదు. ప్రణతికి ఇష్టమని వాటితో పచ్చడి చేసేది. ఒంట్లో బాగాలేదని నాకప్పుడే తెలిసింది. మర్నాడు తలుపు పిడి పట్టుకున్న చెయ్యి కాలిపోతోంది. అయినా డబ్బాలు కడిగింది. మూడో రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెళ్ళేముందు నీలం డబ్బా చూసి, "సగమే నిండింది, వచ్చాక తీస్తాను" అంది. దోమకాటు జ్వరమన్నారు. రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. నా లోపల ఆ బీరతొక్కులు కుళ్ళాయి. ఎవరూ తీయలేదు. ఐదో రోజు హైమ వచ్చింది కానీ వంటింట్లోకి రాలేదు.

ఇంటినిండా జనం. అందులో ఎవరో వెనకటి తరం ఆవిడ నన్ను తెరిచి ముక్కు మూసుకుంది. "వంటింట్లో ఇంత చెత్త పెట్టుకుంటే జ్వరాలు రాక ఏవొస్తాయమ్మా?" అంది. ఆ మాట నేను నమ్మాను. చెత్త సొరుగుని కదా, చెడ్డ మాట ఎవరన్నా నాలోనే పడుతుంది. ఇంత శ్రద్ధగా ఎంచి తెచ్చుకున్న మనిషిని నేనే చంపుకున్నానా అని కుమిలిపోయాను.

కర్మలు జరుగుతుండగానే దోమల సర్వే అని మున్సిపాలిటీ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ముందు నన్నే తెరిచారు. అప్పటికి ఎవరో ఖాళీ చేసి ఉంచారు. "ఇక్కడేం లేదండి" అని తలుపేసి బాల్కనీలోకి నడిచారు. ఒకామె గంగాళం మీది పళ్ళెం తీసి, ఫోను లైటు లోపలికి వేసింది.

"అమ్మా, ఇందులో దోమ పిల్లలున్నాయండి. పారబోసేస్తున్నాం."

"అది మడి..." అని సోమిదేవమ్మగారు ఆగిపోయారు.

వాళ్ళు వంచారు. రెండేళ్ళుగా ఆవిడ తప్ప ఎవరూ ముట్టని నీళ్ళు బాల్కనీ అంతా పరుచుకుని తూముకేసి పారాయి. ఆ నీళ్ళలో సన్నగా, నల్లగా మెలికలు తిరుగుతూ ఏవో ప్రాణాలు. సోమిదేవమ్మగారు వాటిని చూశారు. గుమ్మంలో ఉన్న ఫణీంద్ర చూశాడు. తల్లి మొహంలోకి మాత్రం చూడలేదు. ఆ రోజంతా చూడలేదు.

ఆ వచ్చినామెకి ఏమర్థమైందో, వెళ్తూ వెళ్తూ, "మీ ఒక్కింట్లోనే కాదు పెద్దమ్మా, ఈ వీధిలో ఇంకో ఆరిళ్ళలో దొరికింది. ఏ దోమ ఎక్కడిదో ఎవరికి తెలుసండి" అంది. నిజంగా ఎవరికి తెలుసు? ఆ మాటతో నా మనసు కొంచెం తేలికపడింది. ఆవిడ మనసు తేలికపడలేదు.

పన్నెండో రోజు వెళ్ళాక చుట్టాలంతా సర్దుకున్నారు. పదమూడో రోజు పొద్దున్న ప్రణతి వంటింటి గుమ్మంలో నిలబడి, "నానమ్మా, ఆకలేస్తోంది" అంది. సోమిదేవమ్మగారు బాల్కనీ వైపు చూశారు. తర్వాత వంటింట్లోకి వచ్చి, రెండేళ్ళలో మొదటిసారి హైమ స్టవ్ వెలిగించారు. ఎసట్లో బియ్యం పోశారు. ఆనపకాయ చెక్కు తీశారు. ఆ చెక్కు గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు నిలబడి, నన్ను లాగారు.

కాగితం కనిపించింది. కళ్ళజోడు లేకపోయినా కూడబలుక్కుని చదివారు.

"ఎంగిలి వద్దు అని రాసుంది. ఇదెవరు రాశారే?"

"అమ్మ. ఎంగిలి బయట డబ్బాలో వేసేది. దీన్ని రోజూ పసుపు నీళ్ళతో కడిగేది. నువ్వు పూజలో ఉన్నప్పుడు."

ఆవిడ ఆకుపచ్చ డబ్బా పైకి తీశారు. అంచు చుట్టూ రెండేళ్ళ పసుపు పట్టి ఉంది. ఎంత కడిగినా పోని పసుపు. దాన్ని వేలితో రుద్ది చూశారు.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు చూసి రావాలంది."

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. ఒళ్ళో చెత్త డబ్బా. మడిబట్ట మీద చెత్త డబ్బా. అన్నం పొంగి స్టవ్ మీద పడుతుంటే ప్రణతే వెళ్ళి మంట తగ్గించింది.

ఇదంతా జరిగి మూడేళ్ళయింది. గంగాళాన్ని ఆవిడ చింతపండుతో తళతళలాడేలా తోమించి బాల్కనీలో బోర్లించారు. మళ్ళీ నింపలేదు. నన్ను రోజూ ఆవిడే కడుగుతారు, కడిగాకే స్నానం. మోకాళ్ళు వంగవు కాబట్టి పీట వేసుకుంటారు. పసుపు కలపడం మరిచిపోరు. మైల ఎక్కడుంటుంది, ఎలా పోతుంది అని నేను ఈ చీకట్లో కూర్చుని ఆలోచిస్తుంటాను. నాకు శాస్త్రం తెలియదు. కడిగే చేతులు మాత్రం ఇద్దరివి తెలుసు.

ఈ మధ్య నా గొట్టాల్లో నూనె కారిపోయింది. లాగితే కీచుమంటాను, తోస్తే దబ్బున పడతాను. ఫణీంద్రకి చిరాకు. "మార్చేద్దామమ్మా, కొత్తవి మంచివొచ్చాయి" అన్నాడు.

"ఉండనీరా" అన్నారావిడ. "ఉన్నన్నాళ్ళూ నోరు మూసుకునే ఉంది. ఇప్పుడైనా మాట్లాడనీ."

ఈ పొద్దున సోమిదేవమ్మగారు కళ్ళు మూసుకుని సహస్రనామంలో సగంలో ఉండగా, ప్రణతి అరటిపండు తొక్క వెయ్యడానికి నన్ను లాగింది. కీచుమన్నాను. ఆవిడ చదవడం ఆపి, కళ్ళు తెరిచి, వంటింటి వైపు చూశారు.