తినకుండా రావాలి

విరుదునగర్‌లో శిక్షణ ముగించుకుని కోవిల్‌పట్టి బస్సెక్కేసరికి సెల్వలక్ష్మికి ప్రభుత్వం మొత్తాన్నీ కొంగున ముడేసుకున్నంత ధీమా వచ్చేసింది. పగలంతా అగ్గిపెట్టెల కంపెనీలో పని, సాయంత్రం ఊరి ఆడవాళ్ళ సంఘానికి పెద్దరికం. బళ్ళో పిల్లల మధ్యాహ్నం అన్నానికి ప్రభుత్వం ఏమిస్తోంది, అందులో కంచం దాకా ఎంత వస్తోంది, ఈ సంగతి ఇకమీదట సంఘాలే కనిపెట్టి చూడాలట. నేర్పిన పిల్ల పేరు వాసుకి. "ఎవర్నీ దొంగ అనకండి అక్కా. అడగండి, అంతే. అడగడం తప్పు కాదు" అని అరవంలో మళ్ళీ మళ్ళీ చెప్పింది.

తప్పు కాదు, సరే. అడగాల్సింది ఎవర్ని? వంట చేసే కృష్ణమ్మాళ్‌ని. ఆవిడ సెల్వలక్ష్మికి సొంత అన్న భార్య. అమ్మా నాన్నా పోయాక సెల్వలక్ష్మికి పుట్టిల్లంటే ఆ వదినే. కాన్పుకు ఆ ఇంటికే వెళ్ళింది, మొగుడితో పోట్లాడినప్పుడు ఆ ఇంటికే వెళ్ళింది, పోట్లాట లేని రోజుల్లో ఊరికే వెళ్ళింది. కానీ కూతురు కార్తీశ్వరి బడినుంచి వచ్చి, "సాంబార్లో పరుప్పే లేదుమా, అందులో నా మొగము తెలుస్తాది" అంటుంటే ఎన్నాళ్ళని విననట్టు ఉంటుంది? పప్పు ప్రభుత్వం ఇస్తోంది. గిన్నెలో పడటం లేదు. మధ్యలో ఏమైందో అడగాలి.

సంఘం మొత్తం కట్టకట్టుకుని వంటశాలకు బయలుదేరింది. గుమ్మంలో ఇంతమంది ఆడవాళ్ళను చూడగానే కృష్ణమ్మాళ్ మొహం వెలిగిపోయింది. వీళ్ళు చూడ్డానికి వచ్చారని ఆవిడకేం తెలుసు? అన్నం వేళకు గడప దాటి లోపలికొచ్చిన మనిషి ఆవిడ దృష్టిలో చుట్టమే. "రాండి, కూసోండి. రెండు ముద్దలు తిని పోండి" అంది. వద్దనడం అక్కడ ఎవరికీ చేతకాదు. అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చుట్టాలకు పైపైన వడ్డిస్తారా? గరిటె అడుగుదాకా వెళ్ళింది. సాంబారు ముద్దలా పడింది. తనిఖీకి వచ్చినవాళ్ళు వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. చివరి వరసలో కూర్చున్న పిల్లలకు పసుపునీళ్ళు మిగిలాయి.

మరుసటి నెల విరుదునగర్‌లో జరిగిన సంఘాల కూటానికి వీళ్ళు పట్టుకెళ్ళిన సమాచారం ఒక్కటే. వంట చాలా బాగుంది. వాసుకి వింతగా చూసింది.

"మీరు అక్కడ తిన్నారా అక్కా?"

"తినకుండా ఎట్ల వచ్చేది? వదిన చేతి కూడు కదా!" అంది సెల్వలక్ష్మి.

సంఘంలో అందరికన్నా పెద్దది మూక్కమ్మాళ్. ఆవిడ ఇంకాస్త వివరంగా చెప్పింది. "తినిన నోటితో కొరత ఎట్ల సెప్పేది? ఆ నోరు దేనికి ఇంక?"

వాసుకి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, కొత్త పాఠం చెప్పింది. ఈసారి ఇంట్లో తినేసి వెళ్ళాలి. అక్కడ తినకుండా రావాలి. వినడానికి ఎంత సులువు! ఆ పిల్లకు వదినలు లేరు కాబోలు.

ఈసారి మిగతావాళ్ళందరికీ అదే రోజు ఏవో పనులు తగిలాయి. మూక్కమ్మాళ్‌కైతే మోకాళ్ళ నొప్పి వచ్చింది. సెల్వలక్ష్మి ఒక్కతే వెళ్ళింది. కంచం ముందుకు వచ్చినప్పుడు నేలచూపులు చూస్తూ, "వద్దు వదినా, తినేసి వస్తిని" అంది.

గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఏంమే, నా చేతి కూడు వద్దంటివా?"

"అట్ల కాదు వదినా. విరుదునగర్ పయిర్చిలో తినద్దు అని నేర్పిరి..."

"పయిర్చిలో నేర్పిరా, నన్ను చూసి వద్దనేది? నీ బిడ్డకి మొదటి ముద్ద నా చేత్తోనే పెడితిని. పో. ఇంక నా వాకిలి తొక్కద్దు."

అడగాల్సినదేదీ అడగకుండానే సెల్వలక్ష్మి ఇంటికొచ్చి పడింది. ఆ తర్వాత వదిన ఎదురైతే పక్క సందులోకి తిరిగేది. అన్న అళగర్‌సామి మంచివాడే, కానీ పెళ్ళాం మాట జవదాటడు, చెల్లెలు కనిపిస్తే వాన వస్తుందేమోనన్నట్టు ఆకాశం చూసేవాడు. చిత్తిరై నెల ఎండల్లో ఆ నల్లరేగడి కరిసల్ నేలమీద వానేమిటి? సెల్వలక్ష్మికి నవ్వొచ్చేది, ఆ వెంటనే ఏడుపొచ్చేది. కంపెనీలో చేతులు పెట్టెలు పేరుస్తుంటే మనసు వదిన గుమ్మంలో కూర్చునేది. ఈ సంఘమూ వద్దు, పప్పూ వద్దు, పోయి కాళ్ళు పట్టుకుందామని ఎన్నిసార్లు అనుకుందో. అలా లేచినప్పుడల్లా కార్తీశ్వరి బడి నుంచి ఆకలితో వచ్చి గంజికుండ మూత తీసేది. ఆ మూత చప్పుడు విని మళ్ళీ కూర్చుండిపోయేది.

ఆగస్టు పదిహేనున గ్రామసభ జరిగింది. ప్రెసిడెంటు పక్కన పైనుంచి వచ్చిన అధికారి ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. సభ అంటే అరవమే. ఇంట్లో తెలుగు ఎంత వాగినా, అక్కడ అరవం రానివాళ్ళకు నోరు లేదు. సెల్వలక్ష్మి లేచి, వాసుకి నేర్పినట్టే అడిగింది. పిల్లలకని వచ్చే పప్పు గిన్నెలోకి ఎందుకు రావడం లేదు?

అధికారి వంటమనిషి వైపు తిరిగాడు. అడిగింది పప్పు గురించి, కానీ పోయేది వదిన ఉద్యోగమని సెల్వలక్ష్మికి అప్పుడు తట్టింది.

కృష్ణమ్మాళ్ విసురుగా లేచింది. కోపంలో అరవం ఎటో పోయింది. నోటికి ఇంటి మాటే వచ్చింది.

"నన్నా అడిగేది? మూటలు మెయిన్ రోడ్డులో ఏసి లారీ పోతాది. ఆడనించి ఊళ్ళోకి ఎవురు తెచ్చేది? ఇరుళప్పన్ బండి కట్టి తెస్తాడు. వానికి కూలి ఎవురిచ్చేది? ఒకరూ ఈలేదు. కోతకి, కలుపుకి మనము గింజలే కదా కొలిచేది? అట్లే నేను పరుప్పు కొలిచిస్తిని. నా ఇంటికి ఒక గింజ ఎత్తుకపోలే!"

వెనక నిలబడిన బండి ఇరుళప్పన్ మొహమాటంగా తల గోక్కున్నాడు. "ఆమాం, నిజమే. మా ఇంట్లో దినమూ సాంబారే" అన్నాడు. సభంతా ఘొల్లుమంది. ఒక్క ముక్కా అర్థంకాని అధికారి అటూ ఇటూ చూసి, ఆమె ఏమందని అరవంలో అడిగాడు.

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. ప్రభుత్వ సరుకు కూలికింద ఇచ్చిందని ఆయనకు ఎవరు చెప్తారు? అందరూ సెల్వలక్ష్మినే చూశారు. వదిన కూడా చూసింది, ఇన్నాళ్ళకు మొదటిసారి. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. అలా దాటేస్తే రేపూ పసుపునీళ్ళే.

సెల్వలక్ష్మి ఏదీ దాచకుండా అంతా అరవంలో చెప్పింది. చెప్పి కూర్చోలేదు. "మూట రోడ్డుదాకా రావడానికి మీ దగ్గర డబ్బుంది. రోడ్డునుంచి బడిదాకా లేదు. ఆ బండి కూలి పిల్లల కంచంలోంచి పోతోంది. ఇది వండే ఆమె తప్పా? పంచాయతీ ఇవ్వాలి. ఇస్తుందా, లేదా?"

సరుకు అలా ఇవ్వడం నేరం కాదా అని అధికారి గొంతు పెంచబోయాడు. మోకాళ్ళ నొప్పి మరిచిపోయిన మూక్కమ్మాళ్ లేచి, అయితే ఆ మూట మీరు మోస్తారా సామీ అని వినయంగా అడిగింది. ఆపైన ఊరంతా ఒక్కసారిగా మాట్లాడింది. చివరికి బండి కూలి పంచాయతీ ఇచ్చేట్టు, మూట బడి దగ్గరే సంఘం ముందు తూచి దింపేట్టు తీర్మానం రాయక తప్పలేదు. వంటమనిషి మీద ఏమీ రాయలేదు.

సాంబారు చిక్కబడింది. కార్తీశ్వరి మధ్యాహ్నం కడుపునిండా తిని, ఇంటికొచ్చి ఆటకు పరిగెత్తేది. సెల్వలక్ష్మికి సంతోషమే. కానీ వదిన మాత్రం పలకలేదు.

తర్వాతి కూటానికి వంటవాళ్ళనూ పిలుచుకు రమ్మని వాసుకి కబురు పెట్టింది. ఆ పొద్దున కోవిల్‌పట్టి బస్టాండులో కృష్ణమ్మాళ్ కొత్త చీర కట్టుకుని అటువైపు తిరిగి నిలబడి ఉంది. బస్సులో బోలెడు ఖాళీ సీట్లు ఉన్నాయి. అయినా వచ్చి సెల్వలక్ష్మి పక్కనే కూర్చుంది. సాత్తూరుదాకా కిటికీలోంచి బయటికి చూసింది. సాత్తూరు దాటగానే గిర్రున తిరిగింది.

"నీకు సిగ్గుండాదా? ఇన్ని దినాలు నా ఇంటికి ఏల రాలే?"

సెల్వలక్ష్మి తెల్లబోయింది. "నువ్వే కదా వాకిలి తొక్కద్దంటివి వదినా."

"కోపంలో అంటిని. అంటే? పుట్టినింటికి రాకుండా ఉండేస్తావా నువ్వు?"