పోగొట్టుకున్నదాని చేతులు

మా వాడలో బర్రె నెలలు నిండకుండా ఈసుకపోతే ముందు నన్ను పిలుస్తారు. డాక్టర్‌ను తర్వాత పిలుస్తారు. అదీ బర్రె లేవకపోతేనే.

నెలలు నిండకుండా పడ్డ దూడను, దాని మాయను మగవాళ్ళు ముట్టరు. కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టరు. పిల్లల తల్లులు ముట్టరు. కడుపు పోగొట్టుకున్న ఆడది ముట్టవచ్చు. దానికి కొత్తగా అంటేది ఏమీ ఉండదట. నా మొదటి కడుపు పోయిన కొన్నాళ్ళకే పక్కింటి ఈరవ్వ వచ్చి, "మా బర్రె ఈసుకపోయింది, జరొచ్చి ఎత్తరాదక్కా" అన్నది. ఆమె గొంతులో జాలి ఉంది. పని చెప్పేటప్పుడు జాలి బాగా పనికొస్తుంది. అప్పటినుంచి వాడలో ఎవరి కొట్టంలో అయినా ఆ పని నాదే.

ఉత్త చేతులతో ఎత్తి, పాత సంచిలో వేసి, పక్క రైతు హన్మాండ్లు చెరుకుతోట గట్టున పడేసి వస్తాను. సొంత భూమిలో పాతితే మళ్ళీ కట్టిన సూలు నిలవదని మా అత్త శారమ్మ అంటుంది. పరాయి చెరుకులో వేస్తే కీడు పరాయిదవుతుంది. తెల్లారి చూస్తే అక్కడ ఏమీ మిగలదు. బురదలో అడవిపందుల గిట్టల గుర్తులు మాత్రం ఉంటాయి. "సూసినవా, సాఫ్ జేసి పోయినయి. మనకేం కష్టమున్నది?" అంటుంది అత్త. కష్టం నాదైనప్పుడు ఆమె 'మనకు' అంటుంది.

కొట్టడానికి మనుషులు దొరక్క ఆ చెరుకు పడిపోయి, అల్లుకుపోయి, లోపలికి ఎండ దిగనంత దట్టంగా అయింది. మంజీర ఒడ్డు పొదల్లో తిరిగే పందులు అందులో చేరాయి. మళ్ళీ పోలేదు. అందులోనే తింటాయి, అందులోనే ఈనుతాయి. ఆ గట్టు మీదే నేను చెరుకు కొసలు కోసి, మోపు కట్టి తెచ్చి మా బర్రెలకు వేస్తాను. పారేసేది అక్కడే, తెచ్చేది అక్కడి నుంచే. ఇది నాకు ఎన్నడూ తట్టలేదు. తట్టడానికి కూడా తీరిక కావాలి.

ఒకసారి కొసలు కోస్తుంటే ఎండుటాకుల మీద పందిపిల్లలు పడి ఉన్నాయి. ఒంటి మీద వెంట్రుక లేదు. చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. నెలలు నిండనివి నేను చూడగానే గుర్తుపడతాను. కొడవలి పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. తల్లి పంది లోపలెక్కడో గురగురమంటోంది. దానికి అత్త లేదు. దాని కోసం ఆదివారం చర్చిలో పేరు చెప్పి ప్రార్థన చేసి, బయటకు రాగానే "ఏం పాపం జేసిందో" అనుకునేవాళ్ళు లేరు. "బైబిల్ల శారమ్మకు తొంభైకి కొడుకు పుట్టిండు, నీకింకా శాన టైమున్నది తియ్యి" అని నవ్వే, చర్చిలో నా పక్కన కూర్చునే సువర్ణ లేదు. నా రెండో కడుపు పోయినప్పుడు నా భర్త పాల్ రాజ్ తన దోస్తు దశరథంతో, "బర్రె ఈసుకపోతే అంగట్ల అమ్మొచ్చు, దీన్నేం జెయ్యాలెరా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను వాళ్ళు తాగిన చాయ్ గ్లాసులు తీసుకొచ్చి కడిగాను. ఆ పందికి కడగాల్సిన గ్లాసులు కూడా లేవు. దాన్ని చూసి నాకు అసూయ కలిగింది.

ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉన్నాను. అత్త లెక్కలో లేను. "అయిదో నెల దాటనియ్యి, అప్పుడు కడుపందాం" అంది. కాబట్టి పెండ తీస్తాను, మోపు మోస్తాను, ఎవరు పిలిచినా పోతాను. పొద్దుగూకితే జ్వరం వస్తుంది. ఒళ్ళంతా చెమట పడుతుంది. మోకాళ్ళు, నడుము పట్టేస్తాయి. "పాలు పిండే యాళ్ళకే దీనికి జరమొస్తది" అంటాడు పాల్ రాజ్. నిజమే, ఆ వేళకే వస్తుంది. పిండడం కూడా ఆ జ్వరంతోనే.

మొన్న ఊళ్ళో గాలికుంటు టీకాలు వేశారు. పశువుల డాక్టర్ సుష్మ మేడం మా కొట్టానికి వచ్చింది. నేను బర్రె తలతాడు పట్టుకొని నిలబడలేక గోడకు ఆనుకున్నాను. ఆమె సూది ఆపి నన్ను చూసింది. సాయంత్రాలు జ్వరం వస్తుందా అని అడిగింది. చెమటలా అంది. కీళ్ళు నొప్పులా అంది. అన్నిటికీ అవునన్నాను.

"కడుపుతో ఉన్నారా?"

తలూపాను. ఈ ఇంట్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె.

"మరి కొట్టంలోకి ఎందుకొచ్చారమ్మా? పాల్ రాజ్ గారు మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పాలె మేడం?"

నిరుడు మా ఇంట్లో మొదటిసారి బర్రె ఈసుకపోయినప్పుడు ఆమె రక్తం తీసి పరీక్షకు పంపిందట. ఈసుకపోయే రోగమేనని తేలిందట. "అది పడ్డ దూడలో ఉంటుంది, మాయలో ఉంటుంది, పచ్చిపాలలో ఉంటుంది. ఉత్త చేతులతో ముడితే మనుషులకు వస్తుంది. కడుపులో పిల్లలు కూడా పోవచ్చు. మీ ఆడవాళ్ళను ముట్టనివ్వొద్దు, గుంత తీసి సున్నమేసి పూడ్చండి అన్నాను. బయట పారేస్తే పందులు తింటాయి. రోగం వాటిలో నిలిచిపోతుంది. ఇక్కడ కొట్టంలో ఎంత శుభ్రం చేసినా చెరుకులో నుంచి మళ్ళీ వస్తుంది. అడవిపందికి సూది ఎవరు వేయగలరు?"

"నాకు చెప్పలేదు మేడం."

"బర్రెలు ఆయనవి కదమ్మా, ఆయనకే చెప్పాను." అంది. ఆ మాట ఆమెకే బాగా అనిపించలేదేమో, గొంతు తగ్గించింది. "బోధన్ ఆసుపత్రికి పోయి రక్తం చూపించుకోండి. మందులున్నాయి. ఆలస్యం చేయకండి."

నిరుడు. నా రెండో కడుపు పోయింది ఆ తర్వాత.

అన్నం ముందు కూర్చున్నప్పుడు అడిగాను. "డాక్టరమ్మ నీకు నిరుడే చెప్పిందా?"

"చెప్పింది. అయితే?"

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు బర్రెల కాడికి పోతవా? పోవు. పనెవడు జెయ్యాలె? ఊళ్ళె తెలిస్తే మన పాలెవడు కొంటడు?"

దాచడానికి కూడా కష్టపడలేదు. కూర బాగుందో లేదో చెప్పినట్టు చెప్పాడు. అత్త చారు గిన్నె అతని వైపు జరిపి, "తిననియ్యే వాణ్ణి" అంది. ఆమెకూ తెలుసు. కడుపు పోయి నేను మంచంలో పడి ఉంటే నా తల మీద చెయ్యి వేసి, దేవుని చిత్తం బిడ్డా అన్నది ఈమే. దేవుని చిత్తం పేరు పెట్టి నా చేత కొడుకు చిత్తాన్ని మోయించింది. నేను ఏడాదిపాటు నా ఒంటిని తిట్టుకున్నాను. ఉపవాసాలున్నాను. చర్చిలో మోకాళ్ళు అరిగేలా క్షమాపణ అడిగాను. ఏ తప్పుకో తెలియకుండా అడిగాను. పక్కన ఇతను కళ్ళు మూసుకొని ఆమెన్ అన్నాడు. ఇల్లు విడిచి ఎటు పోవాలి? ముప్కాల్‌లో అన్న ప్రభు ఉన్నాడు. పోయినసారి పోతే, నేను కాళ్ళు కడుక్కోకముందే వదిన, "మరి బర్రెలనెవరు సూస్తున్నరు?" అంది. ఆసుపత్రికి పోదామంటే పాల్ రాజ్, "బర్రె ఈననియ్యి, పోదాం" అన్నాడు. నా కడుపు దాని వెనక వరుసలో ఉంది.

అది ఈనలేదు. ఇవాళ పొద్దున ఈసుకపోయింది.

పాల్ రాజ్ కొట్టం బయటే నిలబడి కేకేశాడు. "ఎస్తర్, జల్ది రా. పాలబండి వస్తది. అందరు సూడకముందే తీసి పారెయ్."

నేను గడప మీద కూర్చున్నాను.

"నేను ముట్ట."

అత్త లోపల్నుంచి వచ్చింది. "ఇంకెవరు ముడ్తరే? ఎవర్నన్న పిలిస్తే ఊరంత తెల్వదా?"

"నేను కడుపుతోనున్న."

"అయిదో నెల దాటనియ్యి అన్ననా లేదా?"

ఈరవ్వ పాల క్యాన్ పట్టుకొని పోతూ మా వాకిట్లో ఆగింది. "ఏమైందక్కా?"

"ఏం లేదు, నువ్వు పో" అన్నాడు పాల్ రాజ్.

"మా బర్రె ఈసుకపోయింది ఈరవ్వా" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. "గిది రోగం. మనుషులకు అంటుతది, కడుపులు పోతయి. ఇగ మీ కొట్టంల అయితే నన్ను పిలువకు. నువ్వూ ముట్టకు. చెరుకుల పారేస్తే పందులు తింటయి, మళ్ళ మనకే తెస్తయి. సున్నమేసి పూడ్వాలె. మా ఆయనకు నిరుడే ఎరుక."

ఈరవ్వ క్యాన్ కింద పెట్టింది. "నిరుడే ఎరుకనా?" అని పాల్ రాజ్‌ను అడిగింది. అతను కొట్టం వైపు తిరిగాడు. ఆమె క్యాన్ అక్కడే వదిలి, పాలబండి దగ్గరున్న వాళ్ళ వైపు గబగబా నడిచింది. అత్త నెత్తి కొట్టుకుంది. "కొంప ముంచినవే. ఇగ మన పాలు కుక్క తాగుతదా?"

నేను లేవలేదు. పాల్ రాజ్ నన్ను కొట్టడానికి వచ్చేవాడే. కానీ వాడకట్టంతా చూస్తోంది. కాసేపటికి పార తీసుకొని కొట్టంలోకి పోయాడు. దూడ ముందు నిలబడ్డాడు. వంగాడు, చెయ్యి చాపాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఎట్ల ఎత్తాలె దీన్ని?" అని అక్కడి నుంచే అడిగాడు.

"నీకు చెప్పింది గదా డాక్టరమ్మ" అన్నాను. "యాదికి తెచ్చుకో."