మంత్రికి ఒక వన్స్‌మోర్

రాజశేఖర్ మంత్రి వేషం కట్టడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. నంద్యాలలో పగలు కరెంటు ఆఫీసు ఉద్యోగం, సాయంత్రాలు పద్య నాటకం. ఆ పాత నాటకంలో రాజుగా వేసే బట్టల కొట్టు జావేద్‌కు ప్రతి ఊళ్లోనూ వన్స్‌మోర్లు పడేవి. పద్యం మళ్లీ పాడమని జనం ఈలలు వేసేవారు. ఆఖరికి చెలికత్తెకు కూడా ఒకసారి పడింది. మంత్రికి మాత్రం తిట్లు తప్ప ఏమీ రాలేదు. పసివాడైన యువరాజును అడవికి తోలించిన దుర్మార్గుడికి ఇంకేం వస్తాయి?

"ఈ తూరి ఆళ్లగడ్డలో కూడా వన్స్‌మోర్ పడకపోతే ఇంగ మొగానికి రంగు పూయను," అని అన్నం ముందు కూర్చుని ఒట్టు వేసుకున్నాడు.

అతని భార్య లూదియా డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది. ఆ నాటకాన్ని ఏటా పాఠంగా చెప్పి చెప్పి, మంత్రి గురించి ఆమెకు సొంత అభిప్రాయం ఒకటి ఏర్పడింది. మొగుడి వేషానికి వంక పెట్టి, తన కూరకు వంక పెట్టించుకోవడం దేనికని ఇన్నాళ్లూ ఊరుకుంది. ఆ పూట ఆగలేకపోయింది.

"మీ మంత్రి దుర్మార్గుడు కాదు. ఉత్త పిరికోడు."

"ఏందీ? నాకే పాఠం చెప్తాండావా?"

"ప్రతి అంకంలోనూ 'తలుపు వేశారా' అని అడుగుతాడు, ఎప్పుడన్నా గమనించినారా? గెలిచినోడికి తలుపుతో పనేముంది? ముందున్న మంత్రిని ఆ రాజే కోటగోడ మీంచి తోయించినాడు. ఇప్పుడు కొడుకు మీద అనుమానం పడినాడు. రాజు మనసులో ఉన్న మాటే వీడు నోటితో అన్నాడు. అనకుంటే వీడికీ ఆ గోడే గతి."

"మరి మూడో అంకంలో అంత పెద్ద నవ్వు నవ్వుతా గదా?"

"ఆ నవ్వు నాటకంలో యాడుంది? మీరు తెచ్చిపెట్టిందే."

రాజశేఖర్ నొచ్చుకున్నాడు. ఆ నవ్వు సాధన చేస్తుంటే ఎదురింటి పిల్లలు జడుసుకున్న రోజులున్నాయి. అదే తన గొప్పతనం అనుకుంటూ వచ్చాడు. కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగాడు. ఒకనాటి పొద్దున స్నానాల గదిలోంచి, "తలుపు వేశారా?" అని సన్నగా, వణుకుతూ వినబడింది. పొయ్యి దగ్గర లూదియా నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆళ్లగడ్డలో ఒక బడి ఆవరణలో ఆట. ముందు వరసలో ఆదిలక్ష్మమ్మ కూర్చుంది. ఏటా మంత్రి రంగం మీదికి రాగానే లేచి, "నీ కాళ్లిరగ" అని శాపనార్థాలు పెట్టే ముసలావిడ ఆమే. మూడో అంకం వచ్చింది. రాజశేఖర్ నవ్వలేదు. ఖాళీ సభలో ఒక్కడే నిలబడి, తలుపు వైపు చూస్తూ, బెదిరిన గొంతుతో పద్యం పాడాడు. రాగం ఆగింది. హార్మోనియం ఆగింది. ఈల లేదు, చప్పట్లు లేవు, కనీసం ఒక తిట్టు కూడా లేదు. కాసేపు ఆశగా నిలబడి, తల వంచుకుని లోపలికి పోయాడు.

వెనక వరసలో కూర్చుని చూస్తున్న లూదియా కంగారుపడింది. వన్స్‌మోర్ సంగతి దేవుడెరుగు, ఉన్న తిట్లు కూడా పోగొట్టాను కదా అనుకుంది. ఆట ముగియగానే వేషాలు కట్టే తరగతి గదికి పరుగెత్తింది. రాజశేఖర్ కొబ్బరినూనెతో మొగం తుడుచుకుంటున్నాడు. సగం మీసం ఊడి ఉంది.

"అయిపాయ లూదీ. ఈ తలపాగా ఇంగెవురికన్నా ఇచ్చేస్తా."

ఆమె దగ్గరికి వెళ్లేలోపే ఆదిలక్ష్మమ్మ లోపలికి వచ్చి అతని భుజం తడిమింది.

"ఏమప్పా, ఇన్నేండ్లు నిన్ను ఊరికే తిడితి. అంత భయం కడుపులో పెట్టుకోని బతుకుతాండావని నాకేం తెలుసు?"

రాజశేఖర్ నూనె గుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత బుంగమూతి పెట్టి అడిగాడు.

"మరి వన్స్‌మోర్ అనలేదేం అవ్వా?"

"ఎట్లంటామప్పా! భయంతో సస్తాండేవోన్ని ఇంగోసారి భయపడమని అడగనీకి నోరు రావద్దూ?"

లూదియాకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లు తరగతిలో చెప్పిన పాఠం ఈ ఊళ్లో ఒక మనిషి మనసుకు తగిలిందని ఆమె సంతోషం పట్టలేకపోయింది. రాజశేఖర్ ఆమె వంక చూసి సగం మీసంతోనే నవ్వాడు. తలపాగా తీసి, దులిపి, భద్రంగా తన సంచిలోనే పెట్టుకున్నాడు.

ఆదిలక్ష్మమ్మ గడప దాటబోతూ ఆగి, వెనక్కి తిరిగింది.

"తలుపు నేనేసి పోతాలే. నువ్వేం భయపడాకు నాయనా."