ఏరగా మిగిలిన ‘అండి’

సుధాకరరావు రోజూ చేసే పనే చేస్తున్నాడు. రాసినదాంట్లోంచి ‘అండి’లు ఏరుతున్నాడు.

జురాంగ్ ఈస్ట్‌లో ఏడో అంతస్తు ఆఫీసు. చల్లగాలి తిన్నగా నెత్తిమీద కొట్టే కుర్చీ అతనిది. యాభై మూడేళ్ళు. సన్నటి మెడ. కుడి భుజం కొంచెం దిగిపోయి ఉంటుంది. భీమవరం ప్రెస్సులో ఇరవైరెండేళ్ళు ప్రూఫులమీద వంగిన భుజం అది. ప్రెస్సు మూతపడ్డాక బావమరిది మాటసాయంతో ఈ పరాయి దేశంలో తేలాడు. పృథ్వీ అనే బాక్సరు పేరుమీద సోషల్ మీడియాలో ఏ రోజు ఏం పెట్టాలో గళ్ళు గీసుకుని, అవన్నీ తెలుగులో రాసిపెట్టడం ఉద్యోగం. పృథ్వీ ఇక్కడే పుట్టాడు. ఈ ఊరి ‘లా’ ఒకటి చివర తగిలించి తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. అతన్ని చూసేవాళ్ళు మాత్రం సగానికి సగం తెలుగువాళ్ళే.

మొదట్లో గళ్ళల్లో చాలా ఉండేవి. సోమవారం కసరత్తు, బుధవారం తిండి, శుక్రవారం వాళ్ళమ్మ. మేనేజరు నందిత వచ్చి అన్నీ కొట్టేసింది.

"ఫోకస్ కావాలి. పృథ్వీ అంటే కోపం, అంతే. అమ్మా వద్దు, ఆమ్లెట్టూ వద్దు."

అప్పట్నించీ ఏడు గళ్ళల్లోనూ బెదిరింపులే.

సుధాకరరావుకి బెదిరించడం చేతకాదు. ప్రెస్సులో గది ఊడ్చే మనిషిని కూడా మీరనే పిలిచినవాడు. అందుకని ఒక దారి కనిపెట్టుకున్నాడు. ముందు తనకి వచ్చినట్టే రాసేసుకుంటాడు. ఆ తర్వాత బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో మర్యాదా తీసేస్తాడు.

ఇవాళ తెరమీద ఇలా ఉంది: "బసవయ్యగారూ, శనివారం రింగులోకి రండి. మీ పళ్ళు ఏరుకోవడానికి సంచి తెచ్చుకోండి."

బసవయ్య శనివారం పోటీలో అవతలి బాక్సరు. కర్నూలు మనిషి. పోస్టు పదకొండింటికి వెళ్ళాలి. ఇది నలుగురిలో బాగా తిరిగితేనే, సుధాకరరావు ఇక్కడ పనిచేయడానికిచ్చిన పాసు పొడిగించే కాగితం మీద సంతకం పెడతానంది నందిత. పాసు నెలాఖరుతో సరి. సంతకం పడకపోతే దేశం విడిచి వెళ్ళాలి.

‘గారు’ తీశాడు. ‘రండి’ని ‘రా’ చేశాడు. ‘మీ’ని ‘నీ’ చేశాడు. నందిత వచ్చి వెనక నిలబడింది.

"అయిందా?"

"ఆయ్, రెండు నిమిషాలండి."

"రెండు లైన్లకి పొద్దుట్నుంచా? మెషిన్‌కి చెప్తే ఈపాటికి పుస్తకం రాసేది. ఈ ‘ఆయ్’ గోలన్నా తప్పేది."

అతని చేతికిందనించి మౌసు లాక్కుని నొక్కేసింది. చదవనైనా లేదు. చివరి ‘తెచ్చుకోండి’ అలాగే వెళ్ళిపోయింది.

పావుగంటలో జనం ఎగబడ్డారు. "ఇది సవాలా, పెళ్ళిపిలుపా?" "సంచి ఒక్కటేనా, చెంబు కూడా తేవాలాండి?" చివరికి బసవయ్యే జవాబు రాశాడు: "తప్పకుండా తెస్తానండి. గుడ్డ సంచి అయితే సరిపోద్దాండి?" దాంతో నవ్వు ఆగలేదు.

జిమ్ నుంచి పృథ్వీ తడి జుట్టుతోనే వచ్చాడు. చేతులకి కట్లు ఇంకా విప్పలేదు. సుధాకరరావు కుర్చీని కాలితో ఒక్క తోపు తోశాడు.

"అంకుల్, నన్ను జోకర్‌ని చేశావ్! ఇంత సింపుల్ పని కూడా కాదా లా నీకు?"

సుధాకరరావు నందిత వైపు చూశాడు. ఆమె గోళ్ళు చూసుకుంటోంది.

"ప్రూఫ్ చూడటమే కదా మీ పని, మీరే చూసుకోవాలి," అంది.

"సరే, ఇంకోటి రాయి," అన్నాడు పృథ్వీ. "వాడి అమ్మని తిట్టు. బాగా పచ్చిగా. ఇప్పుడే."

"అది పడితే ఇది మర్చిపోతారు," అంది నందిత. బల్లమీద పాసు కాగితం పెట్టి, పెన్ను మూత తీసింది. "రాయండి, సంతకం పెడతా."

సుధాకరరావు చేతులు కీబోర్డు మీదికి వెళ్ళాయి. తర్వాత ఒళ్ళోకి వచ్చేశాయి.

"నేను రాయనండి."

"ఏం?" అంది నందిత.

"ఆవిడ మనకేం చేశారండి?"

పృథ్వీ పగలబడి నవ్వాడు. "చూడు లా! వాళ్ళమ్మని కూడా ఆవిడంటున్నాడు!"

నందిత పెన్ను మూత పెట్టేసింది. "ఐడీ కార్డు ఇచ్చి వెళ్ళండి. పాసు క్యాన్సిల్‌కి ఇవాళే పంపిస్తున్నా."

మెళ్ళోంచి కార్డు తీసి, తాడు చుట్టి బల్లమీద పెట్టాడు. "వస్తానండి," అన్నాడు ఇద్దరికీ. ఎవరూ తల తిప్పలేదు.

కింద తిండి దుకాణాల హాకర్ సెంటర్ కిటకిటలాడుతోంది. అలవాటుగా ఒక ఖాళీ బల్ల చూసి, జేబులోంచి నీలం పువ్వుల కాగితపు రుమాళ్ళ పొట్లం తీసి దానిమీద పెట్టాడు. ఈ ఊళ్ళో అలా పెడితే ఆ చోటుకి మనిషి ఉన్నట్టే లెక్క. వెళ్ళి వరసలో నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది. గరిటె పట్టుకున్న ఆవిడ ఏం కావాలని రెండుసార్లు అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. పక్కకి తప్పుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ, తన గది ఉన్న యూ టీ వైపు వెళ్ళే రైలుకేసి నడిచాడు.

ఒంటిగంటకి ఇంకా రద్దీ పెరిగింది. పళ్ళేలు పట్టుకుని చోటు కోసం తిరుగుతున్నవాళ్ళు ఆ బల్ల దగ్గరకు వచ్చి, నీలం పువ్వుల పొట్లం చూసి, ఎవరో ఉన్నారనుకుని, దాన్ని అలాగే ఉండనిచ్చి ముందుకు వెళ్ళిపోతున్నారు.