సుజిత్‌తో మాట్లాడే దేవుడు

కృపాజ్యోతిని పెళ్లి చేసుకోమని ప్రభువు తనతో చెప్పాడని సుజిత్ ఆదివారం ఆరాధనలో సాక్ష్యమిచ్చినప్పుడు, హెర్బర్ట్‌కు ఒళ్లు మండిపోయింది. అబిడ్స్‌లోని ఆ చర్చి క్వాయర్‌లో ఆయన కొన్నేళ్లుగా కృపాజ్యోతి పక్కన నిలబడి పాడుతున్నాడు. నలభై దాటిన ఆ టీచరమ్మ పాట మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా ఆయనకు తెలుసు. మనసులో మాట మాత్రం ఇంతవరకు ఆమెకు చెప్పలేదు. భార్య పోయిన మనిషి, యాభై దగ్గరపడ్డాక, ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

సుజిత్‌కు ఆ ఇబ్బంది లేదు. ఇన్సూరెన్స్ ఏజెంటు. స్కూటరమ్మి మారుతి కారు కొనమని ప్రభువే చెప్పాడు. హిమాయత్‌నగర్‌లో ఫ్లాటూ ప్రభువే చూపించాడు, అదీ తూర్పు వాకిలితో. సుజిత్‌కు నచ్చని సంగతి ప్రభువు ఒక్కటైనా చెప్పడేమని హెర్బర్ట్ లోలోపల నవ్వుకునేవాడు. ఆ నవ్వు కింద ఓర్వలేనితనం ఉండేది. భార్య ఫ్లోరాకు ఆపరేషన్ చేయించాలా వద్దా అని దవాఖాన వరండాలో మోకాళ్ల మీద పడి అడిగితే, ఆయనకు పైనుంచి ఒక్క మాటా రాలేదు. ఎవరో ముసలి ఆయా వచ్చి మోకాళ్ల కింద మడిచిన దుప్పటి పెట్టి వెళ్లింది, అంతే. కారు దగ్గర పలికినవాడు ఫ్లోరా దగ్గర పలకలేదు.

కృపాజ్యోతి ఔననలేదు, కాదనలేదు. బుధవారం ప్రార్థన కూటంలో అందరూ తమకేం బయలుపడిందో చెప్పాలంది. వాళ్లలో అది పద్ధతే. ఇద్దరు ముగ్గురికి ఒకే మాట వస్తే దాన్ని దేవుని చిత్తమంటారు.

హెర్బర్ట్ ఒక కల తయారుచేసుకున్నాడు. టెలిఫోన్ ఆఫీసులో ఫైళ్ల ముందు కూర్చునీ, కోఠి బస్సులో నిలబడీ దానికి మెరుగులు దిద్దాడు.

బుధవారం సాయంత్రం నాంపల్లిలో జిప్పోరా ఆంటీ ఇంట్లో అందరూ చాప మీద కూర్చున్నారు. ఆ ఇంటి పెద్దావిడగా జిప్పోరా ముందు నోరు విప్పింది.

"నాకైతే మనసుల సమాధానం, నెమ్మది కలిగింది బిడ్డా. ఈ సంబంధం చేసుకో."

"పెండ్లి చేసుకునేటిది నేను గదా ఆంటీ. సమాధానం మీకు కలిగితే ఎట్లా?" అంది కృపాజ్యోతి. కొందరు నవ్వారు.

హెర్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. "నాకు కలొచ్చింది. సుజిత్ ఒక గేటు ముందర నిలబడ్డడు. ఎంత కొట్టినా తెరుచుకోలేదు."

సుజిత్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"స్తోత్రం! ఎంత సాఫ్‌గ చెప్పిండు చూసిన్రా! గా గేటు నా ఒంటరి బతుకు. ఇగ ఎనకకు పోకుండ ప్రభువే తాళమేసిండు!"

"ఆమెన్," అంది జిప్పోరా. "రెండో మాట గూడ వచ్చె. ఇగ ఫికరెందుకు బిడ్డా?"

హెర్బర్ట్ అడ్డం పెట్టిన గేటు కాస్తా పెళ్లి పందిరయింది. కృపాజ్యోతి తలవంచుకుని, అలసిపోయినదానిలా, సరేనన్నట్టు పెదవి కదపబోయింది.

"ఆగండి," అన్నాడాయన. "నాకు కల రాలే. కల్పించి చెప్పిన."

"ఎందుకు బ్రదర్?" అన్నాడు సుజిత్, నిజంగానే ఆశ్చర్యపోయి.

"ఓర్వలేక. నీతోని గంత మాట్లాడేటోడు నాతోని ఎన్నడు మాట్లాడలే. జ్యోతిగారంటే నాకిష్టం. దేవుడు చెప్పిండని చెప్ప. గా ఇష్టం నాదే."

"సాతాను శోధన, శోధన," అని జిప్పోరా కళ్లు మూసుకుంది.

కృపాజ్యోతి తలెత్తి ఆయన్ని చూసింది. నవ్వలేదు.

"దేవుడు నాకు గూడ ఏం చెప్పలేదు హెర్బర్ట్ గారూ. కాదనే ధైర్యం లేక అందర్ని అడిగిన." సుజిత్ వైపు తిరిగింది. "బ్రదర్, నాకిష్టం లేదు."

"మరి ప్రభువు చిత్తం?"

"నా చిత్తం గూడ జర అడగాల్సింది." మళ్లీ హెర్బర్ట్‌తో అంది: "మీకు ఔనన్నట్టు గాదు. దేవుని పేరు మీద అబద్ధం చెప్పిన్రు."

"ఔ," అన్నాడాయన.

చాయ్ వచ్చింది. తనకు ఇవ్వరనుకున్నాడు హెర్బర్ట్. కృపాజ్యోతే తెచ్చి చెయ్యందేంత దగ్గరలో పెట్టింది. ఆయన సాసర్‌ను రెండు చేతులా దగ్గరికి తీసుకున్నాడు.

తర్వాత ఆమె సుజిత్ ముందు కూర్చుని, "తినండి బ్రదర్, పొద్దటి నుంచి ఉపవాసమున్నరు," అంటూ రెండు బిస్కెట్లు పెట్టింది. హెర్బర్ట్ తన సాసర్ వైపు చూసుకున్నాడు. ఒక్క బిస్కెట్టే ఉంది. ఆయనకు మళ్లీ ఒళ్లు మండింది.