ఖాళీల్లో చప్పుడు

కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉంది! నలభై ఏళ్లుగా వయొలిన్ వాయిస్తున్నవాణ్ణి, అపశ్రుతి వింటే ఒళ్లు మండదా మరి?

ఏ కంపెనీ అండా లేని సంగీతగాళ్లం ఏడుగురం కలిసి ఊరి చివర పెద్ద ఇల్లొకటి అయిదు రోజులకి తీసుకున్నాం. తలా ఒక బాణీ తెచ్చుకోవాలి. ఒకరి బాణీకి మిగతావాళ్లు వాయించాలి. పొద్దున రికార్డు చేసినవాటిని భోజనాలయ్యాక ఒక్కొక్కరిదీ విడదీసి అందరి ముందూ వినిపించాలి. తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ ఏర్పాటంతా మా మేనకోడలిది. రికార్డింగు దాని వృత్తి.

నా సంగతి వేరు. చెవులు పూర్తిగా పోకముందే నా బాణీ ఒక్కటైనా నా చేత్తో రికార్డు చేసుకుందామని వెళ్లాను. రెండేళ్లుగా సన్నని శబ్దాలు నాకు అందడం లేదు. డాక్టరు మిషను పెట్టుకోమన్నాడు, పెట్టుకోలేదు. చెవిటివాడు వయొలిన్ వాయిస్తాడంటే ఎవరు పిలుస్తారు? ఆఖరికి నా భార్యకి కూడా చెప్పలేదు. లోపల భయంతో చస్తూ పైకి అందరి మీదా అరుస్తున్నాను.

నాలుగో రోజు పొద్దున నా వంతు వచ్చింది. బయట ముసురు పట్టి ఉంది. కిటికీలకి దుప్పట్లు కట్టిన గదిలో హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చున్నాను. లయ తప్పకుండా అందులో టిక్కు టిక్కుమని క్లిక్కు మోగుతూ ఉంటుంది. దాన్ని పట్టుకుని వాయించాలి.

"క్లిక్కు పెంచమ్మా," అన్నాను.

"పెంచాను మావయ్యా."

"ఇంకా పెంచు. ఏం, కరెంటు ఆదా చేస్తున్నావా?"

"ఇంకానా? చెవులు చిల్లులు పడతాయి!"

"నా చెవులు, నా ఇష్టం! నీ డొక్కు హెడ్‌ఫోన్స్ పనిచెయ్యకపోతే నన్నంటావేం?"

పాపం, అది రెండుసార్లు వేరేవి తెచ్చి మార్చింది. మూడోసారి వాయించింది కుదిరింది. నా బాణీ గొప్పంతా మధ్యలో వచ్చే ఖాళీల్లో ఉంది. కమాను ఎత్తి, నాలుగు లెక్కలు ఊపిరి బిగబట్టి, మళ్లీ అందుకోవాలి. ఆ ఖాళీలు సరిగ్గా అనుకున్నట్టే వచ్చాయని నా కళ్లే చెమ్మగిల్లాయి.

భోజనాలయ్యాక అందరం హాల్లో చేరాం. మేనకోడలు నా వయొలిన్ ఒక్కటే పెట్టింది. మొదటి ఖాళీ రాగానే డ్రమ్ములాయన చటుక్కున తలెత్తాడు. రెండో ఖాళీకి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అబ్బ, ఎంత లీనమైపోయారో అని మురిసిపోయాను, పిచ్చి సన్నాసిని.

"మాస్టారూ, మధ్యలో ఆ గడియారం ఎక్కడిదండీ?" అని నవ్వుతూ అడిగాడు డ్రమ్ములాయన.

"ఏ గడియారం?" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. మేనకోడలు లేచి, నన్ను రికార్డింగు గదిలోకి తీసుకెళ్లి తలుపేసింది.

"నీ హెడ్‌ఫోన్స్‌లో క్లిక్కు మైకులోకి దూరింది మావయ్యా. ఖాళీ వచ్చిన ప్రతిచోటా టిక్కు టిక్కుమంటోంది. నీకు వినపడలేదా?"

"ఎందుకు వినపడదు? పెద్ద విషయం కాదని ఊరుకున్నా."

అది నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, స్పీకరు మీట మీద చెయ్యి పెట్టింది.

"ఇప్పుడు వినపడుతోందా?"

"ఆఁ, శుభ్రంగా."

"ఇంకా పెట్టనేలేదు మావయ్యా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఎన్నాళ్ల నుంచని అడిగింది. రెండేళ్లన్నాను. నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

సాయంత్రం మళ్లీ వాయించాను, ఈసారి హెడ్‌ఫోన్స్ లేకుండా. మాతో వచ్చినవాళ్లలో గిటారు వాయించేవాడు నా పాత స్నేహితుడు. వాడు ఎదురుగా కూర్చుని, క్లిక్కు తను వింటూ, గాల్లో వేలితో నాకు లయ చూపించాడు. వాడి వేలినే చూస్తూ వాయించాను. పైస్థాయిలో శ్రుతి నిలిచిందో లేదో నాకు తెలియలేదు. అలవాటైన చోట వేళ్లు పెట్టుకుంటూ పోయానంతే.

"ఎలా వచ్చిందిరా?" అని అడిగాను.

"అద్భుతంరా," అన్నాడు.

ముప్పై ఏళ్లుగా కలిసి వాయిస్తున్నాం, వాడి నోట ఆ మాట ఏనాడూ రాలేదు. ఒక్క స్వరం అటూ ఇటూ అయితే చాలు, మధ్యలో ఆపి నా పరువు తీసేవాడు. ఎన్నిసార్లు మాటలు మానేసుకున్నామో లెక్క లేదు.

"నిజం చెప్పరా. పైన జారింది కదూ?"

వాడు మేనకోడలి వైపు చూశాడు. అది తల వంచుకుని వైర్లు చుట్టుకుంటోంది.

"లేదురా. బాగుంది."

"ఒరేయ్, ఒక్కసారి తిట్టరా," అన్నాను. నా గొంతు నాకే చేతకానివాడి గొంతులా అనిపించింది.

వాడు తిట్టలేదు. నా చేతిలో కమాను మెల్లగా తీసి పెట్టెలో పెట్టి, "టీ తాగుదాం పద," అన్నాడు.